పాప నిద్రపోయేదాకా

గిరిప్రసాద్ చేతిలో ఉన్నవి పాప చెప్పులు, సగం తాగి వదిలేసిన పాలసీసా, తుడిచి తుడిచి తడిసిపోయిన తువ్వాలు. ఒళ్ళో ఫోను. తలుపు అవతల పెళ్ళాం, కూతురు. చిత్తూరు బెల్లం మండీలో ఏ మూల ఏ సరుకు ఎంత నిలవ ఉందో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి, తిరుపతిలో ఈ చెవుల ఆస్పత్రి వరండాలో ఇనుప బల్ల మీద కూర్చుని, తనకున్నదేమిటని చూసుకుంటే ఇంతకుమించి తేలలేదు. కావలసింది మాత్రం ఒక్కటే. పాప నిద్రపోవాలి. నిద్రపోతే నుదుటి మీద, చెవుల వెనక బిళ్ళలు అతికించి, చెవుల్లోకి టిక్కుటిక్కుమనే శబ్దం పంపి, అది లోపలికి అందుతోందో లేదో మిషన్‌లో చూస్తారు. మెలకువగా ఉన్న పిల్ల బిళ్ళలు పీకేస్తుంది, కదులుతుంది, గీతలు చెదిరిపోతాయి. కాబట్టి నిద్ర. రెండున్నరేళ్ళ మహితకు వినిపిస్తుందో లేదో తెలియాలంటే ముందు ఆమె కళ్ళు మూతపడాలి.

ఇంట్లో అడగకుండానే దండిగా దొరికే నిద్ర, కావలసిన పూట ఎంత పెట్టి కొందామన్నా దొరకడం లేదు. రాత్రి ఆలస్యంగా పండబెట్టండి, తెల్లవారకముందే లేపండి, దారిలో కునుకు తీయనివ్వకండి, ఇక్కడికొచ్చాక తనే వాలిపోతుంది అని ఫోనులో చెప్పారు. చెప్పినట్టే చేశాడు. అతని తల్లి దేవకమ్మ, “చంటిబిడ్డను ఇట్ల సతాయించమని యాడ రాసిపెట్టినారురా గిరీ” అని సణుగుతూనే పాప మొహం మీద చన్నీళ్ళు చల్లింది. రైలెక్కాక ఇంకా కష్టమైంది. రైలు ఊపుకు పెద్దవాళ్ళే తూగుతుంటే పిల్లది ఆగుతుందా. తల వాలినప్పుడల్లా అరికాలు గోకాడు, ముక్కు పట్టి ఊపాడు, కిటికీ దగ్గర నిలబెట్టాడు. పాకాలలో ఎక్కిన ఒక ముసలావిడ తమలపాకు నములుతూ కాసేపు చూసి ఊరుకోలేకపోయింది. “ఏందప్పా, తూగే బిడ్డను గిల్లతా ఉండావు. కన్నతండ్రివేనా?” “డాక్టర్లు చెప్పినారవ్వా. ఆడికి పోయినాకనే పండుకోవల్లంట.” “ఆడ పండుకునేది ఈడ పండుకుంటే ఏం, టికెట్టు ఎక్కువ పడతాదా?” పెట్టెలో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, నవ్వుతూనే పాప చెవి పట్టి లాగాడు, లాగి, ఆ చెవి కేసి చూశాడు. చిన్నగా, ఎర్రగా, కొత్తగా ఉంది. కుట్టించిన చోట బంగారు తీగ. అందులోకి ఏం పోతోందో, ఏం పోవడం లేదో పైనుంచి చూసి చెప్పే తెలివి అతని దగ్గర లేదు. బెల్లం దిమ్మనైతే గోటితో గీకి, చిటికెడు నాలిక మీద వేసుకుని, ఏ మడి చెరకో, పాకం ఎంతసేపు కాగిందో, సున్నం ఎంత పడిందో చెబుతాడు. కూతురి చెవి ముందు మాత్రం కొత్తగా మండీలో అడుగుపెట్టిన వాడిలా నిలబడిపోయాడు.

లోపల పాప ఏడుస్తోంది. నిద్ర ఇక ఆగదన్న గడియ చంద్రగిరి దగ్గరే దాటిపోయింది, ఇప్పుడిది అలసట తలకెక్కిన ఏడుపు, పల్లం కనబడక గట్టు కొట్టుకునే నీళ్ళలాంటిది. పరీక్ష చేసే అమ్మాయి ఇందాక తలుపు సందులోంచి, “ఇంకొంచెంసేపు చూస్తామన్నా. పండుకోకపోతే ఇంకో తారీకు ఇస్తా. బయట ఇంకా పిల్లలు ఉండారు” అని చెప్పి వెళ్ళింది. ఉన్నారు. వరండా పొడుగునా తల్లుల భుజాల మీద పిల్లలు, కొందరు అప్పుడే నిద్రపోయి, ఎంత గట్టిగా నిద్రపోయారంటే చూస్తేనే ఈర్ష్య పుట్టేంత. ఇంకో తారీకు అంటే ఇంకోసారి చీకటితో లేపడం, ఇంకోసారి గిల్లడం, అంతకన్నా ముందు ఇంకో నెల తెలియకుండా ఉండడం. ఆ తెలియకపోవడమే అతన్ని తినేస్తోంది. నష్టమొస్తే నష్టమని తెలిస్తే చాలు, ఎలాగో పూడ్చుకుంటాడు. ఎంత పోయిందో, అసలు పోయిందో లేదో తెలియని బేరంలో మాత్రం అతనెప్పుడూ నిలబడలేదు. పిల్లల డాక్టరు ‘ఒకసారి చెవులు చూపించండి’ అన్న రోజు సాయంత్రం, మండీకి తీసుకొచ్చి, పాప అటు తిరిగి బొమ్మతో ఆడుకుంటుంటే వెనక నిలబడి తూకపు రాయి ఒకటి నేల మీదికి వదిలాడు. పాప తిరిగి చూసింది. ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పోతుంటే దారిలో అనుమానం వచ్చింది: రాయి పడితే నేల అదురుతుంది కదా, అది విన్నదో, కాళ్ళకు తెలిసిందో. మర్నాడు చప్పట్లు కొట్టాడు, తిరగలేదు. కుక్కర్ కూస్తే తిరిగింది. పేరు పెట్టి పిలిస్తే ఒకసారి తిరిగింది, ఆరుసార్లు తిరగలేదు. ఒక పూట ఒక ధర, ఇంకో పూట ఇంకో ధర పలికే సరుకును ఏమని నమ్మాలి.

ఫోను కదిలింది. చూడకూడదనుకుంటూనే చూశాడు. చిత్తూరులో బుజ్జిబడికి పేరు రాయించిన రోజు ఆ బడివాళ్ళే అమ్మానాన్నలందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు, అప్పటి నుంచి ఈ మోత. ఎవరి పిల్లకు దవడపన్ను వచ్చింది, ఎవరి పిల్లవాడు మెట్లు దిగాడు, ఎవరు చెంచాతో తిన్నారు, ఎవరు ‘చందమామ’ అన్నారు. మొదట్లో అతనే అందరికన్నా ముందు. మహితకు పళ్ళు ముందొచ్చాయి, నడక ముందొచ్చింది. ఏడాది నిండకుండానే నడిచిందని మండీలో గుమాస్తాలకూ హమాలీలకూ మైసూరుపాకు పంచాడు, గ్రూపులో చేరగానే అప్పటి వీడియో పెట్టాడు, చేతులు జోడించిన బొమ్మలూ పూల బొమ్మలూ వచ్చిపడ్డాయి. ఆ తర్వాత మాటల వంతు వచ్చింది, అక్కడ అతని బండి ఆగిపోయింది. శ్రీసిటీ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసే అమర్‌నాథ్ కొడుకు ఇంట్లో అమ్మతో ఇంగ్లీషు, నాయనతో తెలుగు. ‘మావోడు ఈ పొద్దు ఎల్లో అన్నాడబ్బా, అరటిపండును చూసి’ అని అమర్‌నాథ్ గొంతు రికార్డు చేసి పెట్టేవాడు. అందరూ మెచ్చుకున్నారు. గిరిప్రసాద్ కూడా మెచ్చుకున్నాడు. ఒక ఆదివారం, పాప గురించి ఎవరో అడిగితే, ‘నిన్న నాయనా అని పిలిచింది’ అని పెట్టేశాడు. లేని సరుకు అమ్మడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అంతమంది పొగిడారు, ఒక్కరూ సరుకు చూపించమని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. పెళ్ళాం మోహన ఆ మాట ఫోనులో చదివి, ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మోహన మాట అనకపోవడం అప్పటికే అలవాటైన సంగతి, దానికీ కారణం తనే. మోహన పరాయి పిల్ల కాదు, మేనమామ జయరామ్ కూతురు. మామ కాట్పాడిలో రైల్వే పని చేసి, అక్కడే అరవ పిల్లను చేసుకుని, అక్కడే ఉండిపోయాడు. మోహన చదివింది, ఆడుకున్నది, అలిగింది, కలలు కన్నది అన్నీ అరవంలో. మేనత్త కొడుకైన తనను కూడా బావా అనదు, వాళ్ళ ఊరి లెక్కన మామా అంటుంది. తెలుగు వచ్చు, అత్తతోనూ కూరగాయలవాడితోనూ బాగానే లాక్కొస్తుంది, కాని బిడ్డ పుట్టగానే ఆమె నోట వచ్చింది ఆ భాషే. ‘చెల్లం’ అని ముద్దు చేసేది. ‘తంగమే’, బంగారమే, అనేది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పాపతో ఆగకుండా మాట్లాడేది, పాలు పట్టేటప్పుడూ, నలుగు పెట్టేటప్పుడూ, తను బట్టలు మడతపెడుతూ కూడా, అవతలి వాళ్ళు జవాబు చెప్పినట్టే మధ్యలో ఆగి, నవ్వి, మళ్ళీ అందుకుని. పాప కూడా అప్పట్లో ఏవో అనేది. నీళ్ళు కనిపిస్తే ‘తన్ని’ అన్నట్టు ఒక శబ్దం. ‘వా వా’ అని, రా రమ్మన్నట్టు, చేయి ఊపడం. బుజ్జిబడిలో మీ పాపకు ఎన్ని మాటలొచ్చు అని అడిగితే అతను ఆలోచించి, ‘ఇంకా ఏమీ రాలేదండీ’ అన్నాడు. పక్కన మోహన నిలబడి ఉంది. అవి మాటలని అతనికి తట్టనే లేదు. మన మండీలో చలామణి కాని నాణెం మన దగ్గర ఉన్నా లేనట్టే కదా అనుకునే బుద్ధి.

ఆ బుద్ధితోనే గ్రూపులో అడిగాడు. ఇంట్లో రెండు భాషలు, పాపకు మాటలు రాలేదు, ఏం చేయమంటారు. తలా ఒకటి చెప్పారు. ‘రెండు భాషలైతే పిల్లలు తికమకపడతారు బ్రదర్, ఒకటే పెట్టుకోండి.’ అతనికి వెంటనే అర్థమైంది, ఎందుకంటే అది మండీలో రోజూ చూసేదే. రైతు పై వరుసలో పసుపుపచ్చని బెల్లం పేర్చి అడుగున నల్లది కలిపి తెస్తే, బండి మొత్తం నల్లబెల్లం ధరకే పోతుంది. కలపొద్దు, ఏ గానుగది ఆ గానుగదిగా తెండి, రెంటికీ మంచి ధర కట్టిస్తానని ఎంతమందికి చెప్పాడో. అదే ఇంట్లో చెప్పాడు. “మోహనా, రేపట్నుంచి పాపతో అరవం వద్దు. తెలుగు ఒకటే. మాటలు వచ్చినంక నీ ఇష్టం.” ఆమె అప్పుడు పాలపొంగు చూస్తూ నిలబడి ఉంది. “అట్లనే మామా” అంది. అంతే. మామిడి పూత మీదున్న రోజులవి, ఇప్పుడు కాయ కోతకొచ్చింది. అన్నమాట మీదే నిలబడింది, తప్పలేదు, వాళ్ళమ్మ ఫోను చేస్తే కూడా పాప ముందు మాట్లాడకుండా మిద్దెపైకి పోయేది. కాని ఒకటి జరిగింది, బేరం కుదిరిన రోజు అతను లెక్కలోకి తీసుకోనిది. అరవం తీసేస్తే ఆ చోట్లోకి తెలుగు వచ్చి కూర్చుంటుందనుకున్నాడు. రాలేదు. చోటు ఖాళీగా ఉండిపోయింది. మోహన పాపతో ‘అన్నం తిను’, ‘దా’, ‘ఒద్దు’, ‘పండుకో’ అనేది, పని చెప్పే మాటలు, మిగిలిన మాటలు ఆమెకు తెలుగులో లేవు, ఉన్నా బిడ్డ దగ్గర రావు. ఇల్లు సద్దుమణిగింది. మండీ నుంచి వచ్చేసరికి టీవీ తప్ప ఏ మోతా లేని ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని కూడా అనుకున్నాడు కొన్నాళ్ళు. ఆ ప్రశాంతంలోనే పాప ‘వా వా’ కూడా మానేసింది. చేయి పట్టుకుని లాక్కుపోయి కావలసింది చూపించడం మొదలుపెట్టింది. అప్పుడు గదా డాక్టరు చెవులు చూపించమన్నది.

ఇప్పుడు ఈ బల్ల మీద, ఫోనులో అమర్‌నాథ్ కొడుకు ఇంగ్లీషులో ఏదో పాడుతుంటే, ఇన్నాళ్ళూ కనబడని సంగతి ఒకటి కనబడింది. వాళ్ళింట్లోనూ రెండు భాషలే. వాళ్ళను ఎవరూ ఒకటి ఆపమనలేదు. తెలుగూ ఇంగ్లీషూ అయితే తెలివి, తెలుగూ అరవమూ అయితే తికమక. ఈ తేడా ఏ రాయితో తూచారో, ఎవరు తూచారో, తనెందుకు ఆ తూకాన్ని ఎదురు అడగకుండా తల ఊపి వచ్చాడో. ఊళ్ళో ఎవరూ తక్కెడ చూపించకుండా అతనికి ఒక్క దిమ్మ అమ్మలేరు.

లోపల ఏడుపు మధ్యలో మోహన గొంతు. “జో జో బంగారం. పండుకోమ్మా. కళ్ళు మూసుకో. మంచి పాప కదా.” ఒక్కో మాటా విడివిడిగా, బస్టాండులో బస్సుల పేర్లు చదివినట్టు. మళ్ళీ అదే. మళ్ళీ అదే. గిరిప్రసాద్ లేచాడు. ఎందుకు లేచాడో తనకే తెలియదు, అలిసిపోయిన కాళ్ళు వాటంతట అవే లేచాయి. చెప్పులు, సీసా బల్ల మీదే వదిలి తలుపు కొంచెం తీశాడు. చిన్న గది, వెలుతురు తగ్గించి ఉంది, మోహన మంచం అంచున, ఒళ్ళో పాప విల్లులా వెనక్కి వంగి, గోడ పక్కన మిషన్ ముందు ఆ అమ్మాయి గడియారం కేసి చూస్తూ.

“మోహనా.”

ఆమె తలెత్తింది. కళ్ళ కింద నల్లగా ఉంది. ఈమె కూడా రాత్రి నిద్రపోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

“మీ అమ్మ పాడేది పాడు.”

“ఏది మామా?”

“అదే. రైలు పాట. మీ భాషలోది.”

మోహన అతన్ని చూసింది. నమ్మవచ్చా, రేపు మళ్ళీ మాట మారుస్తాడా అని చూసే చూపు, కొత్త దళారిని రైతులు చూసే చూపు. నోరు తెరిచింది. దగ్గింది. “మరిసిపోయినానేమో” అంది మెల్లగా, అతనితో కాదు. తర్వాత ఎక్కడో మధ్యలోంచి పట్టుకుంది. మామ జయరామ్ లైను మీద పోయిన రాత్రుల్లో వాళ్ళమ్మ కట్టుకున్న పాట అది, ఎక్కడా అచ్చు కానిది, ఒక్కో స్టేషనూ దాటిపోయినట్టు, ఒక్కో స్టేషన్లో ఎవరో బిడ్డకు ఏదో ఇచ్చినట్టు. ‘రామాపురం పోయాచ్చు, బొమ్మసముద్రం పోయాచ్చు’ అని, అక్కడ వేరుశనక్కాయలు, ఇక్కడ మల్లెపూలు, రైలు ఆగదు, కళ్ళు ఆగవు. పాప ఏడుపు సగంలో తెగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. తల తిప్పి తల్లి పెదవుల కేసి, ఊరెళ్ళి చాన్నాళ్ళకు తిరిగొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత చేయి ఎత్తి తల్లి గొంతు మీద అరచేయి ఆనించింది, ఆ పాట బయటికి వచ్చే చోట. తలుపు దగ్గర నిలబడ్డ గిరిప్రసాద్‌కు మిషన్‌తో పనిలేకుండానే సగం సంగతి తెలిసింది. కాని అతను సగం తెలిసిన దాని మీద ఏనాడూ సంబరపడలేదు, నిలబడ్డాడు. పాట చిత్తూరు దాటింది, పాకాల దాటింది. ఎన్నిసార్లు విన్నాడో ఈ పాటను, పక్కగదిలో పడుకుని, విసుగ్గా. అందులో సగం పేర్లు తన జిల్లావేనని, ఈమె తన బిడ్డను నిద్రపుచ్చడానికి అప్పట్లో ఆ రైలును కాట్పాడి నుంచి మెట్టినింటికే తెచ్చేదని ఇప్పుడు విన్నాడు. అరవం అతనికి కొంచెమే వచ్చు, ఆ కొంచెమూ మండీలో బేరమాడేది. పూలూ నిద్రా ఉన్న అరవం అతను నేర్చుకోలేదు. చంద్రగిరి వచ్చేసరికి పాప చేయి మోహన గొంతు మీంచి జారి ఒళ్ళో పడింది. మోహన ఆపలేదు. అమ్మాయి సైగ చేసినా ఆపలేదు, ఇన్నాళ్ళ బాకీ అంతా తీర్చుకుంటున్నట్టు ఇంకో రెండు స్టేషన్లు కల్పించి పాడింది.

తర్వాత అంతా నిశ్శబ్దమే. బిళ్ళలు, వైర్లు, పాప నుదుటి మీద దూదితో తుడిచిన మచ్చ, తెర మీద గుట్టలు గుట్టలుగా లేస్తున్న గీతలు. అతన్ని గోడ పక్కన నిలబడనిచ్చారు. గీత లేస్తే మంచిదో పడితే మంచిదో తెలియదు, వేలంపాటలో ఇతరుల వేళ్ళు చూసి ధర కనిపెట్టే అలవాటున ఆ అమ్మాయి మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఆమె మొహంలో ఏమీ లేదు. మంచి వ్యాపారి అయ్యేది అనుకున్నాడు.

“రెండు చెవులూ బాగున్నాయన్నా” అంది చివరకు, వైర్లు చుట్టుకుంటూ. “సన్నటి శబ్దం కూడా అందుతా ఉండాది. డాక్టరు రిపోర్టు రాసిస్తాడు. వారం వారం స్పీచ్ థెరపీకి రండి.”

“ఇంట్లో రెండు భాషలమ్మా. దానివల్లనా?”

“రెండు భాషలవల్ల మాటలు ఆగిపోవన్నా.”

“ఒకటి ఆపించినాను. నేనే. కొన్ని నెలలు. దాంతో ఏమన్నా చెడిందా?”

ఆమె చుట్టడం ఆపి అతని కేసి చూసింది. “అది నేను చెప్పలేనన్నా. ఎందుకు ఆలస్యమైందో ఒక్కోసారి ఎవరూ చెప్పలేరు. ఎవరికి ఏది బాగా వస్తే దాంట్లో మాట్లాడండి. ఊరికే మాత్రం ఉండొద్దండి.”

చెడిందంటే చెడిందని, లేదంటే లేదని చెప్పి ఉంటే మోయడం తేలిక. ఈ రెండూ కానిది ఇంటికి తీసుకుపోవాలి. చెవులు బాగున్నాయన్న సంతోషం వస్తుందనుకున్నాడు. వచ్చింది, కాని ఒక్కటే రాలేదు, వెనకాలే ఇది కూడా వచ్చింది. మోహన బిళ్ళల జిగురు పాప జుట్టు నుంచి తడిగుడ్డతో తీస్తూ, తలెత్తకుండా అంది: “నువ్వు ఆపమన్నావని ఆపినాను. పాడమన్నావని పాడినాను. ఇంక ఏం చెప్పినా బాగా యోచన చేసి చెప్పు మామా.” కోపం లేదు ఆ గొంతులో. తల ఊపాడు, ఆమె చూడలేదు, మళ్ళీ ఊపాడు.

తడిగుడ్డ తగిలి పాప లేచింది. చాలని నిద్ర, మొహమంతా ఎర్రగా, పెదవి వంకర. గది చూసింది, మిషన్ చూసింది, నాయనను చూసింది. చూసి, తల్లి వైపు తిరిగి, మొదలుపెట్టింది. మాట కాదు. తెలుగూ కాదు, అరవమూ కాదు, ఏ ఊళ్ళోనూ ఎవరూ మాట్లాడనిది, కాని పొడుగ్గా, ఎక్కుతూ దిగుతూ, మధ్యలో ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుని, చేయి అతని వైపు చాపి చూపిస్తూ. అరికాలు పట్టుకుని చూపించింది. చెవి పట్టుకుని చూపించింది. “ఆమా చెల్లం, ఆమా, అప్పిడియా” అని మోహన, అవును, అట్లనా అన్నట్టు, ఊ కొట్టింది. ఊ కొట్టిన కొద్దీ పాప ఇంకా చెప్పింది. మోహన మొహంలోకి నెలల తర్వాత నవ్వు వచ్చింది, అతని కేసి చూస్తూనే వచ్చింది. “విన్నావా మామా. పండుకోనియ్యలేదంట. గిల్లినావంట. చెవి పీకినావంట.”

“అంతా చెప్పిందా?”

“ఇంకా చెప్తా ఉండాది. నిలబడి విను.”

గిరిప్రసాద్ నిలబడి విన్నాడు. చీకటితో లేచి, ఇంత దూరం వచ్చి, ఇంతమందిని ఏడిపించి చివరికి తేలింది ఇది: చెవులు బాగున్నాయి, మాటలు ఇంకా రాలేదు, ఎప్పుడొస్తాయో తెలియదు, పెళ్ళానికి గొంతు తిరిగొచ్చింది గాని నమ్మకం ఇంకా రావలసి ఉంది. వీటన్నిటి మీదా చేతికొచ్చిన లాభం ఒక్క చాడీ, అదీ తన మీదే. ఒక్క ముక్క కూడా తగ్గించకుండా, దాన్ని బోణీగా కళ్ళకద్దుకున్నాడు.